జూదం సినిమాల్లో ఓడిపోయినవాడి కథ ఎందుకు ఉండదు?

పాతపోస్టాఫీస్_రావు
మట్కా సినిమా ఓటీటీలో మళ్లీ చూశాను. మన ఊరి కథ అని 2024 నవంబర్‌లో రిలీజైనప్పుడే థియేటర్‌కి వెళ్లాను. 1958 నుంచి 1982 దాకా విశాఖ, బర్మా నుంచి శరణార్థిగా వచ్చిన కుర్రాడు, వాడు మట్కా, అంటే అంకెల మీద పందెం కాసే జూదంతో రాజ్యం కట్టడం. వరుణ్ తేజ్ కష్టపడ్డాడు, పాత వైజాగ్ వాతావరణం కూడా బాగానే తెచ్చారు. కానీ కథంతా మట్కా నడిపినవాడి చుట్టూనే తిరుగుతుంది. ఆ చీటీల మీద డబ్బులు పెట్టినవాళ్లు ఎక్కడున్నారు? మా చిన్నప్పుడు హార్బర్ దగ్గర జీతాల రోజు సాయంత్రం టీ బడ్డీ పక్కన చీటీలు రాసేవాడు నిలబడేవాడు. ఓపెన్ (మొదట తీసే అంకె) ఎంత, క్లోజ్ (తర్వాత తీసే అంకె) ఎంత, అక్కడ ఇంకో మాట వినపడేది కాదు. మా వీధిలో ఒక కలాసీ చేతికొచ్చిన జీతం అక్కడే ఇచ్చేసి ఇంటికి వచ్చేవాడు, ఆయన భార్య చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని తిరిగి ముగ్గురు పిల్లల్ని పెంచింది. అలాంటి ఇంటి మీద సినిమా ఏ భాషలోనైనా ఉందా? ఉంటే చెప్పండి, చూస్తాను.

గాజువాక_చిన్నా
మట్కా సినిమా ఆడలేదు కదా, దానికి కారణం అది కాదన్నా. కింద నుంచి పైకొచ్చి డాన్ అయ్యే కథ మనం ఇప్పటికి చాలా చూసేశాం. తర్వాతి సీన్ ఏంటో ముందే తెలిసిపోతుంటే ఎవడు కూర్చుంటాడు.

ఎంవీపీ_లలిత
చిన్నా, నువ్వు చెప్పింది స్క్రీన్‌ప్లే సంగతి, రావుగారు అడిగింది వేరే. నాకూ ఇదే బాధ. లక్కీ భాస్కర్ చూసి హాలంతా చప్పట్లు కొట్టింది. బ్యాంకు క్యాషియర్ బ్యాంకు డబ్బు బయటికి తీసుకెళ్లి తిప్పుతాడు, తర్వాత షేర్ల కుంభకోణంలో వాటా తీసుకుంటాడు, చివరికి సరైన టైంలో ఆపేసి కుటుంబంతో విదేశం వెళ్లిపోతాడు. దుల్కర్ నటన మీద నాకు ఫిర్యాదు లేదు, సినిమా బోర్ కూడా కొట్టలేదు. కానీ "టైంకి ఆపేశాడు" అన్నదే పెద్ద అబద్ధం. ఆపగలిగేవాడు అసలు రెండోసారి కూర్చోడు. మా బంధువుల్లో ఒకాయన పేక ముక్కలు పట్టుకుని అనకాపల్లి దగ్గర రెండెకరాలు, తర్వాత ఇల్లు పోగొట్టాడు. ప్రతిసారీ "ఈ ఒక్క ఆటతో ఆపేస్తాను" అనే కూర్చున్నాడు.

కంచరపాలెం_కిరణ్
సినిమా అంటే పాఠం కాదు మేడమ్. జూదంలో మజా ఉంది కాబట్టే జనం ఆడుతున్నారు. ఆ మజా చూపించకుండా ఏడుపు మాత్రమే చూపిస్తే అదీ అబద్ధమే. పోకర్ అనే పందెం పేకాట మీద తీసిన రౌండర్స్ (1998) చూడండి. మాట్ డేమన్ మొదటి సీన్లోనే 30 వేల డాలర్లు ఒక్క ఆటలో పోగొట్టుకుంటాడు, ఆ ఓటమి కడుపులో దిగబడుతుంది. ఓడిపోయినవాడి కథ లేదంటున్నారు కదా, అదే ఓటమి. తర్వాత ఎదురుగా ఆడే జాన్ మాల్కోవిచ్ బిస్కెట్ చెవి దగ్గర విరవడం చూసి వాడి చేతిలో ఏముందో కనిపెట్టడం, అది ఆటగాడి బుర్ర. నాకు ఇప్పటికీ పేకాట సినిమాల్లో అదే ఫస్ట్.

ఎంవీపీ_లలిత
మొదట ఓడి చివర గెలిస్తే అది ఓటమి కథ కాదు కిరణ్, గెలుపు ఇంకా తియ్యగా ఉండడానికి వేసిన మెట్టు.

జగదాంబ_బాల్కనీ
మీ ఇద్దరికీ కావలసింది ఒకే సినిమాలో ఉంది. ద హస్లర్, 1961, నలుపు తెలుపు. పాల్ న్యూమన్ చేసిన ఎడ్డీ ఊరూరా తిరుగుతూ పూల్ (కర్రతో బంతుల్ని గుంతల్లోకి కొట్టే ఆట) టేబుళ్ల దగ్గర ఆట రానట్టు నటించి పందెం పెంచి దోచుకునే కుర్రాడు. మిన్నెసోటా ఫ్యాట్స్ అనే మహా ఆటగాడితో రాత్రి మొదలుపెడితే ఒక పగలు దాటిపోతుంది. మధ్యలో ఎడ్డీ 18 వేల డాలర్లు పైన ఉంటాడు. అక్కడ లేచి వెళ్లిపోవచ్చు. లేవడు. ఫ్యాట్స్ నోటితో "చాలు" అనిపించాలి వాడికి, డబ్బు కాదు కావలసింది. అవతల ఫ్యాట్స్ ఏం చేస్తాడో చూడండి, బాత్రూంకి వెళ్లి మొహం కడుక్కుని, చేతులకి పౌడర్ రాసుకుని, కోటు వేసుకుని, అప్పుడే ఆట మొదలుపెట్టినవాడిలా వస్తాడు. ఎడ్డీ అప్పటికే తాగి తూలుతున్నాడు. అక్కడే అయిపోయింది.

ఈ సినిమా నాకు బాగా ఎక్కడానికి కారణం క్యారమ్స్. తొంభైల్లో వన్‌టౌన్‌లో బోర్డుకి పందెం కాసే గదులు ఉండేవి. ఒకడు వచ్చేవాడు, స్ట్రైకర్ సరిగ్గా పట్టుకోవడం కూడా రానట్టు కూర్చునేవాడు. రెండు బోర్డులు ఓడిపోయి, మూడోది తృటిలో పోయినట్టు చేసి, "ఇంకొక్కటి, డబుల్" అనేవాడు. ఆ తర్వాత రెడ్ వేసి ఫాలో వేసి బోర్డు ఊడ్చేసేవాడు. కాలేజీ కుర్రాళ్ల ఫీజు డబ్బులు అలా పోయాయి. వాడి చేతివేళ్ల పని చూస్తే మాత్రం కళ్లు తిప్పుకోలేకపోయేవాళ్లం, అది నిజం. అంత ప్రతిభ ఉన్నవాడు నేరుగా ఆడి గెలవొచ్చు కదా అని అప్పుడు అనుకునేవాణ్ణి. ద హస్లర్ చూశాక అర్థమైంది, నేరుగా ఆడితే వాడితో పందెం కాసేవాడు ఎవడూ ఉండడు. తన పనితనం దాచుకుంటేనే తిండి దొరికే బతుకు. సినిమాలో విషాదం అంతా అక్కడుంది.

పాతపోస్టాఫీస్_రావు
ఇది చూడలేదు. పాల్ న్యూమన్‌కి ఆస్కార్ వచ్చింది దీనికేనా?

జగదాంబ_బాల్కనీ
కాదు రావుగారూ. దీనికి నామినేషన్ మాత్రమే. పాతికేళ్ల తర్వాత 1986లో స్కోర్సేసీ తీసిన ద కలర్ ఆఫ్ మనీలో అదే ఎడ్డీగా ముసలి వేషం వేస్తే వచ్చింది, పక్కన టామ్ క్రూజ్. అది చూడ్డానికి మెరుస్తూ ఉంటుంది కానీ మొదటిదానిలో ఉన్న నొప్పి లేదు. ఫ్యాట్స్‌గా వేసిన జాకీ గ్లీసన్ షాట్లు చాలావరకు తనే కొట్టాడు, విల్లీ మోస్కోనీ అనే ఛాంపియన్ దగ్గరుండి చూసుకున్నాడు. అందుకే కెమెరా చేతి నుంచి మొహానికి వెళ్లినా మనకి అనుమానం రాదు.

లెక్కల_మాస్టారు
మజా గురించి కిరణ్ రాశాడు కాబట్టి లెక్క కూడా రాస్తాను. మట్కాలో సింగిల్ అంటే 0 నుంచి 9 వరకు ఒక అంకె. తగిలే అవకాశం పదింట ఒకటి, ఇచ్చేది తొమ్మిది రెట్లు. జోడీ, అంటే రెండంకెలు కలిపి, తగిలేది నూటికి ఒకటి, ఇచ్చేది తొంభై రెట్లు. అంటే ఏ మోసమూ లేకుండా నడిపినా కాసిన ప్రతి 100 రూపాయల్లో సగటున 10 నడిపేవాడికి పోతాయి. కేసినోలో బంతి ఏ గడిలో ఆగుతుందో పందెం కాసే రౌలెట్ చక్రంలో, ఒకే సున్నా ఉంటే, 37 గడులు, అక్కడ పోయేది 100కి 2 రూపాయల 70 పైసలు. జీతం కోసం రోజంతా మూటలు మోసినవాడి మీద కేసినో కంటే మూడు రెట్లకు పైగా ఎక్కువ బాదుడు. సినిమాలో ఈ సంగతి ఒక్క నిమిషం చెప్పుంటే హీరో మీద జనానికి వచ్చే అభిప్రాయమే మారిపోయేది.

బొంబాయిలో ఇది మొదలైంది న్యూయార్క్ కాటన్ ఎక్స్ఛేంజ్ (పత్తి మార్కెట్) రేట్ల మీద పందేలతో. అవి రావడం ఆగిపోయాక కల్యాణ్‌జీ భగత్ 1962లో, రతన్ ఖత్రీ 1964లో సొంతంగా నంబర్లు తీయడం పెట్టారు. కుండలో చీటీలు వేసి తీసేవాళ్లు కాబట్టి మట్కా. ఖత్రీ ఛాయలతో 1975లోనే ధర్మాత్మ అని హిందీలో వచ్చింది, అక్కడా నడిపినవాడే పెద్దమనిషి.

కంచరపాలెం_కిరణ్
మాస్టారూ, మట్కా అదృష్టం ఆట, ఒప్పుకున్నా. రమ్మీ వేరు. రమ్మీలో నైపుణ్యమే ఎక్కువని సుప్రీంకోర్టు 1967లోనే మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే చెప్పింది.

లెక్కల_మాస్టారు
చెప్పింది. అదే తీర్పులో మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం ఆట అని కూడా అంది. రమ్మీలో నైపుణ్యం ఉందన్నది నిజమే బాబూ, కానీ ఆటకింత అని టేబుల్ నడిపేవాడు కోసుకుంటుంటే నీ నైపుణ్యం ముందు ఆ కోతని దాటాలి. ఆరుగురు సమానమైన ఆటగాళ్లు రాత్రంతా కూర్చుంటే తెల్లారేసరికి ఆరుగురి దగ్గరా తగ్గి ఉంటుంది.

స్టీల్‌ప్లాంట్_శ్రీను
మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. మా సెక్షన్లో ఒక కుర్రాడు ఫోన్లో రమ్మీ యాప్‌లో పడ్డాడు. నైట్ షిఫ్ట్‌లో టీ బ్రేక్‌కి కూడా కళ్లు ఫోన్లోనే. మొదట్లో గెలిచిన స్క్రీన్‌షాట్లు అందరికీ చూపించేవాడు. తర్వాత పీఎఫ్ లోన్, చేబదుళ్లు, ఇంట్లో బంగారం. వాడు రెండు రోజులు ఆడకపోతే యాప్ నుంచి బోనస్ మెసేజ్ వచ్చేది, నేను కళ్లారా చూశాను. మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, అయినా ఆడేవాడు ఆడాడు. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బులతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపుతూ చట్టం తెచ్చింది, దాని తర్వాతే వాడి భార్య కాస్త ఊపిరి పీల్చుకుంది.

ఆ బోనస్ మెసేజ్ చూసినప్పుడల్లా నాకు స్కోర్సేసీ కేసినో (1995) గుర్తొస్తుంది. ఒక జపాన్ ధనవంతుడు 20 లక్షల డాలర్లు గెలుచుకుని విమానం ఎక్కబోతే, విమానం రిపేర్ అని అబద్ధం చెప్పి వెనక్కి తెప్పిస్తారు. ఊరికే కూర్చోలేక చిన్న పందెంతో మొదలుపెడతాడు. గెలుస్తాడు, కానీ పెద్ద పందెం కాసుంటే ఎంత వచ్చేదో అని లెక్క వేసుకుంటాడు. అంతే, పెద్ద పందేలకి వెళ్లిపోయి గెలిచింది మొత్తం, దాని మీద తన డబ్బు కూడా వదిలేస్తాడు. కేసినో నడిపేవాడిగా వేసిన డీ నీరో గొంతు ప్రశాంతంగా చెప్పుకుపోతుంది, వాళ్లని ఆడిస్తూ ఉండడమే మన పని అని. జూదం ఎలా నడుస్తుందో ఇంత సూటిగా చెప్పిన సీన్ నేను ఇంకోటి చూడలేదు.

గాజువాక_చిన్నా
ఆ సీన్ సూపర్ శ్రీనన్నా. కానీ సినిమా మొత్తం కోట్లు, సూట్లు, షారన్ స్టోన్ నగలే కదా. చూసి బయటికొచ్చినవాడికి లాస్ వేగాస్ వెళ్లాలనిపిస్తుంది.

బీచ్‌రోడ్డు_భార్గవి
మన ఊరి సినిమా అంటే జులాయి (2012) మర్చిపోయారేంటి అందరూ? మొదలయ్యేదే వైజాగ్‌లో, అల్లు అర్జున్ క్రికెట్ బెట్టింగ్ కాయడానికి బయల్దేరి దారిలో బ్యాంకు దొంగలకి లిఫ్ట్ ఇచ్చి ఇరుక్కుంటాడు. కష్టపడకుండా డబ్బు రావాలన్న కొడుకు, నిజాయితీ గల మధ్యతరగతి తండ్రి, ఆ గొడవ చాలా ఇళ్లల్లో ఉన్నదే. నాకు నచ్చనిది ఒక్కటే. బెట్టింగ్ కథని మొదలుపెట్టడానికి పనికొచ్చింది, ఆ తర్వాత దాని ఊసే లేదు. హీరో తెలివంతా విలన్‌ని పట్టుకోవడానికి వెళ్లిపోయింది. ఐపీఎల్ సీజన్లో మా పీజీ హాస్టల్ పక్క గదిలో అమ్మాయి బాల్ బాల్‌కీ పందెం కాసి సెమిస్టర్ ఫీజు పోగొట్టింది, ఇంట్లో చెప్పలేక ఎన్ని అబద్ధాలాడిందో. బెట్టింగ్ అంటే మగవాళ్ల వ్యవహారం అనుకునేవాళ్లు ఇప్పటి హాస్టళ్లకి రావాలి.

జగదాంబ_బాల్కనీ
భార్గవి గారూ, జులాయి డైలాగుల కోసం చూస్తాం. దాన్ని జూదం లిస్టులో వేస్తే త్రివిక్రమ్‌కే ఆశ్చర్యం.

బీచ్‌రోడ్డు_భార్గవి
వేస్తాను. తండ్రీకొడుకుల మాటల్లో ఉన్న విషయం అదే.

విజయనగరం_వెంకట్
పక్క ఊరివాణ్ణి, మధ్యలో వస్తున్నాను. మోసగాళ్ల సినిమాలు కూడా లెక్కలోకి వస్తే మనకి కన్యాశుల్కం (1955) కంటే గొప్పది ఏముంది? గిరీశంగా ఎన్టీఆర్, మధురవాణిగా సావిత్రి. గిరీశం అప్పు తీర్చకుండా మాటలతో బతికేసే మనిషి. కానీ అసలు పెద్ద ఎత్తు వేసింది కరటకశాస్త్రి. శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి, డబ్బు తీసుకుని ముసలి లుబ్ధావధాన్లకి పెళ్లి చేసేస్తాడు. పాల్ న్యూమన్, రాబర్ట్ రెడ్‌ఫర్డ్ ద స్టింగ్ (1973)లో దొంగ పందెం దుకాణం పెట్టి విలన్‌ని ముంచుతారు, దానికి ఏడు ఆస్కార్లు ఇచ్చారు. మన గురజాడ ఆ పని 1890ల్లోనే చేశాడు, పైగా ఆ మోసం వెనక ఒక చిన్నపిల్లని ముసలాడి చేతి నుంచి తప్పించాలన్న తపన ఉంది. నాటకంలో మధురవాణి ఇంట్లో పేకాట సీన్ చదవండి, ఆట మీద గొడవలోనే ఆ మనుషులందరి బుద్ధులూ బయటపడతాయి. చివరి అంకం జరిగేది కూడా మీ విశాఖపట్నంలోనే.

కంచరపాలెం_కిరణ్
మోసం వేరు, జూదం వేరు వెంకట్ గారూ. కరటకశాస్త్రి పందెం కాయలేదు కదా.

విజయనగరం_వెంకట్
బయటపడితే జైలు. అంతకంటే పెద్ద పందెం ఏముంటుంది?

గాజువాక_చిన్నా
మోసం సినిమాలంటే బ్లఫ్ మాస్టర్ (2018) చూడండి. సత్యదేవ్ మన వైజాగ్ కుర్రాడే. తమిళం సతురంగ వేట్టైకి రీమేక్, గొలుసుకట్టు స్కీములతో జనం ఆశని ఎలా వాడుకుంటారో చూపించాడు. ఇందులో మోసపోయినవాళ్ల మొహాలు కూడా కనిపిస్తాయి, రావన్న అడిగింది కొంత దొరుకుతుంది. సెకండాఫ్‌లో హీరో మంచోడైపోవడం నాకు ఎక్కలేదు కానీ ఫస్టాఫ్ కోసం తప్పకుండా చూడాలి.

సీతమ్మధార_సుబ్బలక్ష్మి
వయసులో నేను పెద్దదాన్ని కాబట్టి పాతవి చెబుతాను. మనవాళ్లు పేకాటని ఎక్కువగా నవ్వులాటగానే తీశారు. కులగోత్రాలు (1962)లో కొసరాజు రాసిన పేకాట పాట ఇప్పటికీ రేడియోలో వస్తే అందరూ నవ్వుతూ పాడతారు. జేబు ఖాళీ అయినవాడి బాధే ఆ పాట, మాటలు వింటే తెలుస్తుంది, కానీ ట్యూన్ హుషారుగా ఉండి ఎవరికీ నొప్పి తగలదు. మా ఇంట్లో మా మామగారు ఆ పాట వస్తే లేచి వెళ్లిపోయేవారు. ఆయన తండ్రి సంక్రాంతి కోడిపందాల పక్కన గుండాటలో కాడెద్దుల జతని పోగొట్టారట.

జూదం బాధ మనవాళ్లు నిజంగా తీసింది పౌరాణికాల్లోనే. పాండవ వనవాసంలో జూదం సీన్ చూస్తే ధర్మరాజు మీద కోపం వస్తుంది, తమ్ముళ్లని, భార్యని పందెం పెట్టిన మనిషి. ధూళిపాళ శకునిగా శ్రీకృష్ణ పాండవీయంలో పాచికలు చేత్తో పట్టుకుంటే వెన్ను జలదరిస్తుంది, తండ్రి ఎముకలతో చేసిన పాచికలు అవి. నడిపేవాడి పగ, ఆడేవాడి బలహీనత రెండూ మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. ఋగ్వేదం పదో మండలంలో జూదరి ఏడుపు మీద ఏకంగా ఒక సూక్తం ఉంది, అత్తగారు అసహ్యించుకుంటుంది, భార్య దగ్గరికి రానివ్వదు, కనికరించేవాడు ఉండడు. రావుగారు అడిగిన కథ అదే.

ఎంవీపీ_లలిత
అమ్మా, ఇది ఇలా ఎవరూ చెప్పలేదు నాకు. ద్రౌపది సభలో అడిగే ప్రశ్న ఉంది కదా, తను ఓడిపోయాక నన్ను ఒడ్డాడా, ముందే ఒడ్డాడా అని. జూదరి భార్యలందరి తరఫున అడిగినట్టుంటుంది. మా బంధువు ఇల్లు తాకట్టు పెట్టినప్పుడు ఆ కాగితం మీద ఆవిడ సంతకం కూడా తీసుకున్నారు, ఎందుకో చెప్పకుండా.

స్టీల్‌ప్లాంట్_శ్రీను
రావుగారూ, మీరు అడిగినదానికి దగ్గరగా నాకు దొరికింది ఓనింగ్ మహోనీ (2003). టొరంటోలో ఒక బ్యాంకు ఉద్యోగి 1980ల మొదట్లో బ్యాంకు నుంచి కోటి డాలర్లకు పైగా దారి మళ్లించి జూదంలో పోగొట్టిన నిజ కథ మీద తీశారు. ఫిలిప్ సీమర్ హాఫ్‌మన్. పాత కారు, నలిగిన సూటు, మెరుపులేం లేవు. కేసినోవాళ్లు సూట్ రూం, భోజనం, ఏది ఇస్తానన్నా వాడికి అక్కర్లేదు, టేబుల్ ఒక్కటే కావాలి. గెలుస్తున్నప్పుడు కూడా మొహంలో సంతోషం ఉండదు. లలిత గారు లక్కీ భాస్కర్ గురించి రాసింది చదివాక, అదీ బ్యాంకు ఉద్యోగే, ఇదీ బ్యాంకు ఉద్యోగే, రెండూ పక్కపక్కన చూస్తే తేడా తెలుస్తుంది అనిపించింది. మా సెక్షన్ కుర్రాడి మొహం అచ్చం ఇలాగే ఉండేది.

కంచరపాలెం_కిరణ్
అదీ చూశాను. బాగా తీశారు, కాదనను, కానీ రెండోసారి చూడాలనిపించదు. జనం చూడని సినిమా ఎంత నిజం చెప్పినా ఎవరికి చేరుతుంది? అన్‌కట్ జెమ్స్ (2019) చూడండి, ఆడమ్ శాండ్లర్ పందెం మీద పందెం కాస్తుంటే రెండు గంటలు టెన్షన్‌తో చచ్చిపోతాం. చివరి పందెం గెలుస్తాడు కూడా. గెలిచిన క్షణమే ఏమవుతుందో చూడనివాళ్లకి చెప్పను. మజా, నాశనం రెండూ ఒకే ఊపులో ఇచ్చింది అదొక్కటే.

లెక్కల_మాస్టారు
కిరణ్ మొదట చెప్పిన రౌండర్స్ గురించి ఒక మాట. 2003 వరల్డ్ సిరీస్ పోకర్ ప్రధాన పోటీలో 839 మంది ఆడారు, ఒక మామూలు అకౌంటెంట్ 25 లక్షల డాలర్లు గెలిచాడు. మరుసటి ఏడాది 2,576 మంది వచ్చారు. ప్రవేశ రుసుము 10 వేల డాలర్లు, ఎక్కువమంది అది అక్కడే వదిలేసి వెళ్లారు. ఒక్కడి గెలుపు కథ ఎంతమందిని టేబుల్ దగ్గరికి లాగుతుందో చూడు. సినిమా చేసే పనీ అదే. అందుకే ఎవరి కథ చెబుతున్నారన్నది చిన్న విషయం కాదు.

కంచరపాలెం_కిరణ్
టీవీలో ముక్కలు చూపించే కెమెరాలు వచ్చినందుకు, ఆన్‌లైన్ వచ్చినందుకు పెరిగారు మాస్టారూ, అంతా సినిమా నెత్తిన వేస్తే ఎలా?

జగదాంబ_బాల్కనీ
ఇద్దరూ ఆగండి. కాలిఫోర్నియా స్ప్లిట్ (1974), రాబర్ట్ ఆల్ట్‌మన్ తీశాడు, ఎవరైనా చూశారా? ఇద్దరు స్నేహితులు చివరికి రీనో ఊరి కేసినోలో 82 వేల డాలర్లు గెలుస్తారు. మామూలుగా అక్కడ పాట పెట్టి ఎగరాలి. వాళ్లలో ఒకడు కుర్చీలో కూలబడి ఉంటాడు, వాడికి ఏమీ అనిపించదు, ఇంటికి వెళ్తానంటాడు. ఓటమి ఎక్కడా లేదు, అయినా నేను చూసిన వాటిల్లో జూదం మీద అన్నిటికంటే గట్టి దెబ్బ అదే. ఇన్నాళ్లూ దేని కోసం ఆడాడో అది గెలుపులో లేదని వాడికి తెలిసిపోయింది.

సీతమ్మధార_సుబ్బలక్ష్మి
ఇది వింటే నర్తనశాల (1963) గుర్తొచ్చింది. రాజ్యం పాచికల్లో పోగొట్టుకున్న ధర్మరాజు అజ్ఞాతవాసంలో ఏ పని ఎంచుకున్నాడు? కంకుభట్టుగా విరాటరాజుకి పాచికలాడే తోడు. ఒళ్లు మండిన విరాటుడు అవే పాచికలతో మొహం మీద కొడితే రక్తం వస్తుంది. చేతిలోంచి పాచికలు వదలలేదు చూడండి ఆ మనిషి.

గాజువాక_చిన్నా
అమ్మగారూ, నర్తనశాల ఎన్నిసార్లు చూశానో, ఎప్పుడూ ఎస్వీ రంగారావునే చూశాను, ఈ సంగతి తట్టనే లేదు. ఆదివారం మళ్లీ పెడతాను. శ్రీనన్నా, ఓనింగ్ మహోనీ సబ్‌టైటిల్స్‌తో ఎక్కడ దొరుకుతుందో చెప్పు, అదీ చూస్తా.